డొంకతిరుగుడు: ఈ మాట ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, ఎదురైతే ఏం చేయాలి

డొంకతిరుగుడు అనే మాటని ఈమధ్య ఎక్కడపడితే అక్కడ వాడేస్తున్నారు. ఎవరైనా మొహమాటపడితే డొంకతిరుగుడు, మెల్లగా నచ్చజెబితే డొంకతిరుగుడు, ఊరినుంచి వచ్చిన పెద్దమ్మ అసలు విషయం ఎత్తేముందు ఇంట్లో అందరి క్షేమం కనుక్కుంటే అదీ డొంకతిరుగుడే అంటున్నారు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఈ మాటలో ఒక నింద ఉంది. "జవాబు నీ దగ్గర ఉంది, అది నాకు తెలియాలి, అయినా చెప్పకుండా తిప్పుతున్నావు" అనే నింద. అలాంటి మాటని మర్యాదస్తుల మీద వేసేస్తే, నిజంగా తిప్పేవాళ్లని ఏమనాలో మనకి మాట మిగలదు.

ముందు అర్థం చూద్దాం. డొంక అంటే పొద, తీగలూ ముళ్లూ అల్లుకుపోయిన గుబురు. తీగ లాగితే డొంకంతా కదిలింది అనే సామెతలో ఉన్నది ఆ డొంకే. చేల మధ్య నుంచి, రెండు పక్కలా పొదలు పెట్టుకుని పోయే బండిబాటని కూడా డొంక అంటారు, రెవెన్యూ రికార్డుల్లో డొంక పోరంబోకు అని ఇప్పటికీ కనిపిస్తుంది. తాగు నుంచి తాగుడు, వాగు నుంచి వాగుడు వచ్చినట్టే తిరుగు నుంచి తిరుగుడు వచ్చింది, పొద్దుతిరుగుడు పువ్వులో ఉన్నదీ అదే. రెండూ కలిస్తే, తిన్నగా పోకుండా డొంకలమ్మట తిరగడం. దారి విషయంలో ఇప్పుడు విశాఖలో ఈ మాట ఎవరూ పెద్దగా వాడరు. మద్దిలపాలెం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి ఆటో ఎక్కితే బీచ్ రోడ్డు మీదుగా తీసుకెళ్లాడనుకోండి, "చుట్టూ తిప్పి తెచ్చాడు" అంటాం తప్ప డొంకతిరుగుడు దారి అనం. ఇప్పుడది పూర్తిగా మాటలకే అంటుకుపోయింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం, మధురవాడలోనో పెందుర్తిలోనో ఫ్లాట్ బుక్ చేసుకున్న ఎవరికైనా ఇది తెలిసిన సంభాషణే.

"ఫ్లాట్ ఏ నెలలో ఇస్తారండీ?"

"లిఫ్ట్ వచ్చేసింది సార్, నిన్ననే దింపాం. మూడో ఫ్లోర్ దాకా పెయింటింగ్ అయిపోయింది. నీళ్ల కనెక్షన్ ఫైలు కూడా కదిలింది. మీరేం టెన్షన్ పడకండి, మనది మనం చూసుకుందాం."

ఇందులో ఒక్కటీ అబద్ధం కాకపోవచ్చు. లిఫ్ట్ నిజంగానే వచ్చి ఉండొచ్చు, రంగులు నిజంగానే వేసి ఉండొచ్చు. కానీ అడిగింది నెల, ఆ జవాబులో నెల పేరు లేదు. డొంకతిరుగుడుని పట్టుకోవడం ఎందుకు కష్టమో ఇక్కడే తెలుస్తుంది. అబద్ధమైతే ఏదో ఒక రోజు నిలదీయొచ్చు, ఇక్కడ నిలదీయడానికి మాటే దొరకదు, పైగా ఇన్ని విషయాలు చెప్పాడు కదా అని మనమే థ్యాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేస్తాం. పెట్టేశాక పక్కనున్నవాళ్లు "ఎప్పుడిస్తాడట?" అని అడిగితే అప్పుడు అర్థమవుతుంది, మనకేమీ తెలియలేదని.

అందుకే నేను పాటించే పరీక్ష ఇది. జవాబు విన్నాక, దాన్ని మూడోమనిషికి ఒక్క ముక్కలో చెప్పగలుగుతున్నామా? చెప్పగలిగితే అవతలివాళ్లు ఎంత చుట్టు తిప్పి చెప్పినా అది డొంకతిరుగుడు కాదు. చెప్పలేకపోతే, అవతలివాళ్లకి జవాబు తెలిసే ఉంటే, అది డొంకతిరుగుడే. ఈ రెండో షరతు మర్చిపోవద్దు. నిజంగా తెలియని మనిషి తడబడితే అది తెలియకపోవడమే, ఆ మనిషిని ఈ మాట అనకూడదు.

పెళ్లి సంబంధాల సంగతే చూడండి. అమ్మాయివాళ్లు కబురు పంపితే అబ్బాయివాళ్లు "జాతకాలు కుదర్లేదండీ" అంటారు. అసలు కారణం జాతకం కాదని అందరికీ తెలుసు. కానీ కబురు చేరింది కదా, మాకు వద్దు అని. ఒక ఆడపిల్ల గురించో ఒక కుటుంబం గురించో నొప్పించే మాట అనకుండా వద్దని చెప్పారు, అది సభ్యత. అదే వాళ్లు "సింహాచలం చందనోత్సవం అయ్యాక చూద్దాం", అది అయ్యాక "ఆషాఢం వెళ్లనివ్వండి", తర్వాత "మా బావగారు దుబాయ్ నుంచి రావాలి" అంటూ ఉంటే, ఈలోగా అమ్మాయివాళ్లు ఇంకో సంబంధం చూడలేక ఆగిపోతే, అది డొంకతిరుగుడు, చాలా నష్టం చేసే రకం. చూశారా, మెత్తగా ఉండటంలో రెండూ సమానమే, ఒకటి దారి వదిలింది, ఇంకొకటి దారి కట్టేసింది.

మన భాషలో నేరుగా అనకుండా అనే మాటలు లెక్కలేనన్ని ఉన్నాయి. దీపం ఆరింది అనం, కొండెక్కింది అంటాం. బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. ఇంట్లోంచి బయల్దేరుతూ వెళ్తాను అనకుండా వెళ్లొస్తాను అంటాం. పోయినవాళ్లని కాలం చేశారంటాం. ఆటలమ్మ వస్తే అమ్మవారు పోసిందంటాం. వీటిలో ఒక్కటీ డొంకతిరుగుడు కాదు, ఎందుకంటే వినేవాళ్లకి ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. "బియ్యం నిండుకున్నాయి" అని వంటింట్లోంచి వినబడగానే సంచి పట్టుకుని బయల్దేరతాం. ఫిషింగ్ హార్బర్ దగ్గర "వంజరం ఎంతమ్మా?" అని అడిగితే "పొద్దున్న దిగిన చేప బాబూ, నువ్వే ఓ మాట చెప్పు" అంటుంది చూడండి, దాన్నీ ఈ లెక్కలో వేయకండి. అది బేరం మొదలుపెట్టే పద్ధతి, ఇద్దరికీ తెలిసిన ఆట. అలాగే జబ్బుమనిషి పరిస్థితి చెప్పేముందు డాక్టర్ కాస్త కూర్చోబెట్టి మెల్లగా మొదలుపెడితే అది దయ.

ఇక దీని చుట్టుపక్కల ఉండే మాటలు. నీళ్లు నమలడం అంటే జవాబు గొంతుదాకా వచ్చి భయానికో సిగ్గుకో బయటికి రాకపోవడం, పిల్లాడు మార్కులు దాచినప్పటి అవస్థ. నాన్చడం కాలానికి సంబంధించింది, నిర్ణయం తీసుకోకుండా రోజులు గడపడం. దాటవేయడం అంటే ప్రశ్నని తాకకుండా పక్కకి జరిగిపోవడం, ప్రెస్‌మీట్లలో రోజూ చూస్తాం. బుకాయించడం అంటే జరిగిందాన్ని జరగలేదని దబాయించడం. నర్మగర్భంగా మాట్లాడటం అంటే అర్థమయ్యేవాళ్లకే అర్థమయ్యేలా కావాలని మాట వదలడం. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం అని ఇంకో సామెత ఉంది, చాలామంది దాన్నీ డొంకతిరుగుడునీ ఒకటే అనుకుంటారు గానీ చిన్న తేడా ఉంది. అక్కడ చివరికి ముక్కు కనబడుతుంది, ఆలస్యంగానైనా. డొంకతిరుగుడులో కనబడుతుందన్న గ్యారంటీ లేదు.

వాక్యంలో ఎలా పెట్టాలంటే, నామవాచకం ముందు అలాగే పెట్టేయొచ్చు: డొంకతిరుగుడు సమాధానం, డొంకతిరుగుడు మాటలు, డొంకతిరుగుడు వ్యవహారం. క్రియ ముందైతే డొంకతిరుగుడుగా: "డొంకతిరుగుడుగా మాట్లాడకు." ఒంటరిగానూ నిలబడుతుంది: "ఈ డొంకతిరుగుడంతా ఎందుకు, అవునా కాదా?" డొంకతిరుగుడు మనిషి అని కూడా అంటుంటారు, నేను మాత్రం వద్దంటాను. మాట తిప్పినప్పుడు ఆ మాటని అనండి, మనిషికి ముద్ర వేయకండి, రేపు ఆ మనిషే తిన్నగా మాట్లాడొచ్చు. రాసేటప్పుడు కలిపి రాస్తే బాగుంటుంది, డొ కి దీర్ఘం అక్కర్లేదు.

ఎవరితో అనొచ్చు అంటే, ఈడువాళ్లతో, స్నేహితులతో, తమ్ముళ్లతో మొహం మీదే అనొచ్చు. పెద్దవాళ్లతో మాత్రం అనకూడదు, మావయ్యనో మేనత్తనో పట్టుకుని "డొంకతిరుగుడుగా మాట్లాడకండి" అంటే అసలు విషయం పక్కకిపోయి మన నోటి దురుసుతనం మీద పంచాయితీ మొదలవుతుంది. అప్పుడు మన వైపు వాడే తిన్నగా అనే మాట పనికొస్తుంది. "తిన్నగా చెప్పేయండి మావయ్యా, నేనేం అనుకోను." ఇందులో నింద లేదు, అడగాల్సింది మాత్రం అడిగేశాం. ఆఫీసులో పైవాళ్లతో అయితే "సార్, నాకు అర్థమైంది ఇది, సరేనా?" అని మనమే ఒక్క ముక్కలో చెప్పి అవుననో కాదనో అనిపించుకోవడం మేలు.

మనకి ఎదురైనప్పుడు ఏం చేయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. చాలాసార్లు డొంక మన ప్రశ్నలోనే ఉంటుంది. "బావా, ఆ డబ్బుల సంగతి ఏం ఆలోచించావు?" అని అడిగితే "అయ్యో బావా, నీ డబ్బులెక్కడికి పోతాయి, చెల్లి ఎలా ఉంది, పిల్లాడి స్కూల్ మార్చారట కదా" అని ఇరవై నిమిషాలు నడుస్తుంది. ఏం ఆలోచించావు అన్నదానికి ఏదైనా జవాబే కదా. "బావా, యాభై వేలలో ఈ నెల పదో తారీఖుకి ఎంత ఇవ్వగలవు?" అని అడగండి. దీనికి అంకె ఒక్కటే జవాబు, సున్నా అయినా సరే. చెల్లి బాగుందని చెప్పండి, స్కూల్ సంగతీ చెప్పండి, ఆ తర్వాత మళ్లీ అదే ప్రశ్న, అవే మాటలతో, గొంతు పెంచకుండా. రెండు ప్రశ్నలు కలిపి అడగొద్దు, తేలికగా ఉన్నదానికి జవాబు చెప్పి రెండోది వదిలేస్తారు. అడిగాక ఆగండి. మనమే మౌనం భరించలేక "పర్లేదులే, వీలు చూసుకుని చెప్పు" అని మనిషికి తప్పుకునే సందు ఇచ్చేస్తుంటాం, అది మానుకోవాలి.

కోర్టుల్లో దీనికి ఏకంగా చట్టమే ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఎనిమిదో ఆర్డర్, నాలుగో రూల్. దావా వేసిన మనిషి ఫలానా మొత్తం ఇచ్చానని రాస్తే, ప్రతివాది "ఆ మొత్తం నేను తీసుకోలేదు" అని ఊరుకుంటే చాలదు. అసలేమీ తీసుకోలేదనాలి, లేదా ఎంత తీసుకున్నాడో చెప్పాలి. రెండు లక్షలు తీసుకున్నావంటే "రెండు లక్షలు తీసుకోలేదు" అని, లోపల లక్షా తొంభై వేలు తీసుకుని కూర్చునేవాళ్ల కోసం రాసిన రూల్ అది. ఆ తర్వాతి ఐదో రూల్ ప్రకారం, స్పష్టంగా కాదనని ఆరోపణని సాధారణంగా ఒప్పుకున్నట్టే లెక్కవేస్తారు. నాకు ఈ రూల్ అంటే చాలా గౌరవం, డొంకతిరుగుడు ఎక్కడ దాక్కుంటుందో ఇంత సూక్ష్మంగా చూసి పట్టుకున్నారు కదా అని.

ప్రభుత్వ ఆఫీసుల విషయానికి వస్తే, "ఫైలు ప్రాసెస్‌లో ఉంది" అనే మాట విన్నవాళ్లకి 2005 సమాచార హక్కు చట్టం ఉంది, మామూలు దరఖాస్తుకి 30 రోజుల్లో జవాబివ్వాలి. అక్కడ కూడా ప్రశ్న రాయడంలోనే ఉంది అంతా. "నా పని ఎందుకు ఆలస్యమైంది?" అని రాస్తే ఎందుకు అనేది రికార్డులో ఉండే సమాచారం కాదని తిప్పి పంపే అవకాశం ఉంది. "నా దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లింది, ఆయన దాని మీద రాసిన నోట్ కాపీ ఇవ్వండి" అని రాయండి. తేదీ, హోదా, కాగితం. ఈ మూడింటినీ మాటలతో కప్పేయడం కష్టం.

మనం డొంకతిరుగుడుగా మాట్లాడకుండా ఉండాలంటే జవాబు మొదటి వాక్యంలో ఉండాలి, కారణాలు ఆ తర్వాత. రుషికొండలో ఐటీ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలకి ఇది మరీ చెప్తాను. "డిగ్రీ అయ్యాక ఈ రెండేళ్లు ఏం చేశారు?" అంటే, ఇంట్లో పరిస్థితుల నుంచి మొదలుపెట్టి కరోనా మీదుగా వచ్చే జవాబు వద్దు. "గ్రూప్స్‌కి ప్రిపేరయ్యాను, రాలేదు. ఆర్నెల్ల నుంచి పైథాన్ నేర్చుకుంటున్నాను" అంటే చాలు, ఇంకా కావాలంటే వాళ్లే అడుగుతారు. గృహప్రవేశానికి రాలేకపోతే "రాలేనురా, ఆ రోజు డ్యూటీ ఉంది, ఆదివారం ఇంటికొస్తాను" అని వాట్సాప్‌లో పెట్టేయండి, "ట్రై చేస్తాను" అని పెడితే ఆ ఇంటివాళ్లు మీకూ కలిపి భోజనం చెప్తారు. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, ఎప్పటికి కనుక్కుంటారో రోజు చెప్పండి. చెప్పడం ఇష్టం లేకపోతే "అది నేను చెప్పలేను" అనండి, అది కూడా తిన్నగా ఇచ్చిన జవాబే.