పందిపిల్లలకు వైరస్ పారుడు పట్టుకుంటే ఎలా కాపాడుకోవాలి? వచ్చే ఈతకు తల్లిని ఎలా ఎంచుకోవాలి?

కోనసీమలో పుష్యమాసం మంచు పడే రోజుల్లోనే ఈ పారుడు ఎక్కువ చూస్తాం. వైరస్‌ని చంపే మందు లేదు. పిల్లని చంపేది కూడా చాలాసార్లు వైరస్ కాదు, ఒంట్లో నీరూ ఉప్పూ పోవడం, దాని మీద చలి. ఈ సంగతి తెలియక నా మొదటి ఈతలో మూడు రోజులు యాంటీబయాటిక్ సూదులే పొడిపించాను. పదకొండు పిల్లల్లో నాలుగు మిగిలాయి. చనిపోయిన ఆ ఏడు పిల్లలకీ నీళ్లు పట్టాలని ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ముందు పేగులో ఏం జరుగుతుందో చూడండి. చిన్నపేగు లోపలి గోడంతా సన్నటి కేసరాల్లాంటి చూషకాలు ఉంటాయి. పాలు అరిగి ఒంటికి పట్టేది వాటి వల్లే. వైరస్ వాటి కణాల్లోకి దూరి పాడుచేస్తుంది, చూషకాలు పొట్టిగా అయిపోతాయి. అరగని పాలు పేగులోకి నీటిని లాగి, పలచగా బయటికి వచ్చేస్తాయి. అడుగు నుంచి కొత్త కణాలు పుట్టుకొస్తాయి, కానీ వారం లోపు పిల్లల్లో ఆ పని నెమ్మది. పాలు మాన్పించిన పిల్లల్లో త్వరగా అవుతుంది. అందుకే పసివే ఎక్కువ పోతాయి. కొత్త గోడ లేచేదాకా పిల్లని నిలబెట్టడమే మన పని.

ఏ పారుడో గుర్తించడం

ఒక్కరోజు తేడాతో కొట్టం మొత్తానికీ అంటుకుని, పిల్లలు పాలు కక్కుతూ నీళ్లలా పారుతుంటే, పెద్దవి కూడా మేత మానేస్తే టీజీఈ గానీ పీఈడీ గానీ అనుకోవచ్చు, రెండూ పందుల పేగును పట్టే కరోనా వైరస్ జబ్బులే. టీజీఈని 1946లో అమెరికాలో మొదట వర్ణించారు. పీఈడీని 1971లో ఇంగ్లండులో చూశారు, 2013లో అది అమెరికా పందుల పెంపకాన్ని అతలాకుతలం చేసింది. రోటావైరస్ సాధారణంగా ఒకటి నుంచి ఐదు వారాల పిల్లల్ని పడుతుంది, దాని తీవ్రత కాస్త తక్కువ. పుట్టిన మొదటి రోజుల్లో ఈ.కోలి అనే బ్యాక్టీరియా పారుడు కూడా ఇలాగే కనిపిస్తుంది. పిల్లల సైన్సు కిట్లో ఉండే లిట్మస్ కాగితం తడి పేడకు తాకించి చూడండి. ఎర్రబడితే వైరస్ వైపు, నీలంగా మారితే ఈ.కోలి వైపు అనుమానించాలి. ఇది అంచనా మాత్రమే. ఖాయంగా చెప్పేది ల్యాబే.

పెద్ద పందులకు జ్వరం వచ్చి, చెవులు ఎర్రగానో ఊదాగానో మారి, చటుక్కున చనిపోతుంటే అది వేరే ప్రమాదం. పంది ఒక్కటీ కొట్టం దాటకూడదు. వెంటనే 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

నీళ్లు పట్టడం

పిల్లని చేతిలోకి తీసుకోండి. వెనక కాళ్లు పసుపు పచ్చని పారుడుతో అతుక్కుని, పొట్ట లోపలికి పోయి, కళ్లు గుంట పడి ఉంటాయి. మెడ దగ్గర చర్మం చిటికెతో పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోక ముడతలాగే నిలిచిపోతే నీరు బాగా పోయినట్టు. మనుషులకు వాడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును దాని మీద రాసినంత నీటిలోనే, కాచి చల్లార్చిన నీటిలో కలపండి. కాలవ నీళ్లు వద్దు. సూది తీసేసిన సిరంజితో నోటి పక్క నుంచి 5 నుంచి 10 మిల్లీలీటర్లు, మెల్లగా, రెండు గంటలకోసారి పట్టండి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేవగలిగినవాటికి లోతులేని పళ్లెంలో పోసి పెట్టండి. తల్లి పాలు ఆపొద్దు. మన వైపు చాలామంది కొబ్బరినీళ్లు పట్టేస్తారు. అందులో పొటాషియం ఉంటుంది గానీ ఉప్పు చాలదు, ఓఆర్‌ఎస్‌కి బదులు కాదు. కలిపిన నీళ్లు రోజు దాటితే పారబోయాలి. మరీ కూలబడినవాటికి డాక్టరు సెలైన్ ఎక్కించాలి.

వెచ్చదనం, శుభ్రత

అప్పుడే పుట్టిన పిల్లకు 32 నుంచి 34 డిగ్రీలు కావాలి. తల్లికి మాత్రం అంత వేడి కిట్టదు. కాబట్టి మూలలో ఒక చిన్న గూడు కట్టి, ఎండుగడ్డి మందంగా పరిచి, పైన బల్బు వేలాడదీయండి. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, దూరంగా చెల్లాచెదురైతే వేడి. డెల్టాలో తేమ ఎక్కువ, గడ్డి తడిస్తే వెంటనే మార్చాలి. వైరస్ తడిలో బతుకుతుంది.

ముందు పేడ గీకి, సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే బ్లీచింగ్. పేడ మీద చల్లితే క్లోరిన్ ఊరికే పోతుంది. లీటరు నీటికి 30 గ్రాములు వేసి, పిల్లలు లేనప్పుడు చల్లి, కడిగి ఆరనివ్వాలి. వేరే కొట్టానికి వెళ్తే చెప్పులు మార్చండి.

పుట్టిన మొదటి రోజు

మావి ద్వారా పందిపిల్లకు రోగనిరోధకాలు అందవు. ముర్రుపాలే అన్నీ. పేగు వాటిని పీల్చుకునేది దాదాపు 24 గంటలే. బలహీనమైన పిల్లని స్వయంగా చనుమొనకు పట్టించండి, ఒక్కొక్కటీ తాగిందో లేదో చూడండి.

వంశం సంగతి

కొన్ని పందుల పేగులో ఎఫ్4 రకం ఈ.కోలి అతుక్కునే చోటే ఉండదు. అది వంశపారంపర్యం. కానీ తల్లి అలాంటిదై, మగ పంది అతుక్కునే రకమైతే ప్రమాదం ఎక్కువ. తల్లికి ఆ రోగం సోకదు కాబట్టి ముర్రుపాల్లో దానికి విరుగుడు ఉండదు, పిల్లలకేమో సోకుతుంది. వైరస్‌ల విషయం ఇంకా కష్టం. చైనాలో పరిశోధకులు రెండు జన్యువులు తొలగించిన పందులు టీజీఈని తట్టుకున్నాయని 2020లో ప్రకటించారు. ఆ జన్యువుల్లో ఒకటి టీజీఈ కణంలోకి దూరే తలుపు లాంటిది. పీఈడీ మాత్రం అదే తలుపు మీద ఆధారపడదని అంతకుముందే తేలింది.

మనకు మిగిలింది లెక్క రాసుకోవడం. ప్రతి ఈతకూ పుట్టినవి ఎన్ని, పాలు మాన్పించేనాటికి మిగిలినవి ఎన్ని, పారుడు వచ్చిందా, ఎన్ని చనుమొనలకు పాలు వచ్చాయి, ఇవి ఒక నోటుబుక్కులో రాయండి. కనీసం 12 చక్కని చనుమొనలున్న తల్లి పిల్లల్నే ఉంచుకోండి. పిల్లలు బతికే గుణం వంశంలో కొంచెమే దిగుతుంది, ఒక్క తరంలో కనిపించదు. అయినా ఒక తప్పు ఇప్పుడే మానొచ్చు: సొంత కొట్టంలో పుట్టిన మగపందినే దాని తల్లికీ చెల్లెళ్లకూ కట్టించడం. రక్త సంబంధం లేని మగపందిని బయటి నుంచి తెచ్చినప్పుడు కొట్టానికి దూరంగా కనీసం నెలరోజులు ఒంటరిగా ఉంచి, దాని పేడ ఎలా ఉందో రోజూ చూసి, ఆ తర్వాతే లోపలికి తీసుకోండి.