హ్యాండ్‌హెల్డ్ బ్యాటరీ లెక్కలు, 4వ పాఠం: ఏ అంకెతో భాగించాలి?

హ్యాండ్‌హెల్డ్ అంటే చేతిలో పట్టుకుని ఆటలాడే చిన్న కంప్యూటర్. పోయిన పాఠం చివర దాని బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ఒక లెక్క ఇచ్చాను. బ్యాటరీలో ఉన్న వాట్ అవర్లను ఖర్చయ్యే వాట్లతో భాగిస్తే గంటలొస్తాయి అన్నాను. స్టీమ్ డెక్ అనే హ్యాండ్‌హెల్డ్ మొదటి మోడల్‌ది 40 వాట్ అవర్ల బ్యాటరీ, చిప్ హద్దు (ఆటను నడిపే చిప్ ఇంతకు మించి తినకూడదని పెట్టిన అంకె) 15 వాట్లు. దాదాపు అందరూ 40ని 15తో భాగించి, 2 గంటల 40 నిమిషాలని రాసి పంపారు. ఒక తమ్ముడైతే అనంతపురంలో బెంగళూరు బస్సెక్కి మరీ పరీక్ష చేశాడు. "అన్నా, నీ లెక్కకు చిక్కబళ్లాపురం దగ్గరి దాకా రావల్ల. పెనుకొండ దాటినాక కొంచేపటికే ఆరిపాయ. యాడ తప్పినాను?" అని అడిగాడు.

భాగహారం సరిగ్గానే చేశాడు. అంకె ఎత్తుకోవడంలోనే తప్పింది. రెండో అంకె ఎక్కడ నుంచి తీసుకోవాలో పోయినసారి నేను గట్టిగా చెప్పలేదు, అది నా లోపం. కాబట్టి ఈ పాఠంలో ఫ్రేమ్ రేటు (సెకనుకు స్క్రీన్ మీద ఎన్ని బొమ్మలు గీస్తుందో ఆ లెక్క) గురించి చెప్పాలనుకున్నది కాస్త వెనక్కి జరిపి, ముందు దీన్ని తేలుస్తాను.

సెట్టింగుల్లో టీడీపీ అని మూడక్షరాలు కనిపిస్తాయి. మన దగ్గర ఆ అక్షరాలకు వేరే అర్థం ఉంది కాబట్టి ఈ పాఠాల్లో 'చిప్ హద్దు' అంటున్నాను. అది చిప్ ఒక్కదానికే పెట్టిన హద్దు. స్క్రీన్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, వైఫై, ఫ్యాన్, స్పీకర్లు, మధ్యలో వోల్టేజీ మార్చే సర్క్యూట్లలో పోయే వేడి, ఇవేవీ ఆ 15లో లేవు. నెలకు 40 వేలు జీతం, 15 వేలు అద్దె అనుకోండి. 40ని 15తో భాగించి, ఒక్క జీతంతో రెండు నెలలు దాటి బతకొచ్చు అని ఏ ఇంట్లోనైనా లెక్కేస్తారా? బియ్యం, పాలు, గ్యాసు, పిల్లల ఫీజులు ఎవరు కట్టాలి?

నా డెక్‌లో బరువైన ఆట నడుస్తుంటే మొత్తం ఖర్చు 24 వాట్ల దగ్గర ఉంటుంది. చిప్‌కి 15, మిగతావాటికి 9. 40ని 24తో భాగిస్తే గంటా 40 నిమిషాలు. తమ్ముడి బస్సు ఆ సమయానికి పెనుకొండ దాటే ఉంటుంది.

ఈ మొత్తం అంకెను ఊహించొద్దు, చూడండి. డెక్‌లో పెర్ఫార్మెన్స్ ఓవర్‌లే (ఆట మీదే అంకెలు చూపించే పట్టీ) స్థాయి పెంచితే బ్యాటరీ పక్కన వాట్లు కనిపిస్తాయి. విండోస్ యంత్రాల్లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో బ్యాటరీ విభాగంలో ఛార్జ్ రేట్ అని ఉంటుంది. చార్జర్ తీసేసి చూడాలి. అప్పుడు మైనస్ గుర్తుతో వచ్చే అంకే మనకు కావలసింది.

ఇక్కడి నుంచే ఇంకో చిక్కు ముడి విడిపోతుంది. చిప్ హద్దును 15 నుంచి 8కి దించితే దాదాపు సగం చేసినట్టే కదా, సమయం రెట్టింపై 3 గంటల 20 నిమిషాలు రావాలి కదా అని ముగ్గురు అడిగారు. 8కి ఆ 9 కలపండి, 17. 40ని 17తో భాగిస్తే 2 గంటల 20 నిమిషాలు. చిప్ తగ్గింది గానీ, 9 వాట్ల ఇంటి ఖర్చు కదల్లేదు.

అదే ఖర్చును ఇంకో వైపు నుంచి చూడండి. స్క్రీన్ వెలుగు తగ్గించి ఒక వాటు మిగిల్చారనుకుందాం. బరువైన ఆటలో 24 వాట్లు 23 అవుతుంది. గంటా 40 నిమిషాలది గంటా 44 అవుతుంది. మిగిలింది 4 నిమిషాలు. అదే ఒక వాటును, మొత్తం 8 వాట్లతో నడిచే చిన్న రెండు డైమెన్షన్ల ఆటలో మిగిల్చితే 5 గంటలు కాస్తా 5 గంటల 43 నిమిషాలవుతుంది. 43 నిమిషాలు! కాబట్టి బరువైన ఆట ఆడేటప్పుడు వెలుగు తగ్గించి కళ్లు పొడుచుకోవద్దు, అక్కడ చిప్‌ని పట్టుకోండి. చిన్న ఆటలో మాత్రం వెలుగు, వైఫై, స్పీకర్ ఒక్కొక్కటీ లెక్కలోకి వస్తాయి. నేను చిన్న ఆటలకు వైఫై ఎప్పుడూ ఆపేస్తాను, ఇయర్‌ఫోన్లే వాడతాను.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే సంగతి. జవాబులతో పాటు వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఎంఏహెచ్‌లలో (మిల్లీ ఆంపియర్ అవర్లలో) ఉన్నాయి. "నా ఫోన్‌ది 5,000 ఎంఏహెచ్, డెక్‌ది 5,200. రెండూ ఒకటే కదా సార్" అని ఒకరు రాశారు. ఒకటి కాదు. నాది ఇన్వర్టర్ల పని. ఈ తప్పు వల్ల జనం డబ్బు పోగొట్టుకోవడం ఏళ్లుగా చూస్తున్నాను, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

ఇంట్లో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటుందనుకోండి. వెయ్యి ఎంఏహెచ్ అయితే ఒక ఏహెచ్. 12 వోల్టులు. 150ని 12తో గుణిస్తే 1,800 వాట్ అవర్లు. పెద్ద ఇన్వర్టర్‌కి అలాంటివి రెండు తెచ్చి సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలుపుతాం. ఇప్పుడు ఏహెచ్ ఎంత? ఇప్పుడూ 150 మాత్రమే. కానీ వోల్టులు 24, కరెంటు 3,600 వాట్ అవర్లు. పేరులో ఉన్న 150 మారలేదు, లోపలి సరుకు రెట్టింపైంది. మీ ఫోన్‌లో ఒక్కటే సెల్లు, 3.85 వోల్టులు. 5,000 ఎంఏహెచ్ అంటే 5 ఏహెచ్. గుణిస్తే 19 వాట్ అవర్ల పైచిలుకు. డెక్‌లో రెండు సెల్లులు సిరీస్‌లో, 7.7 వోల్టులు. 5.2ని 7.7తో గుణిస్తే 40. ఆర్‌ఓజీ అల్లై అనే ఇంకో హ్యాండ్‌హెల్డ్ మొదటి మోడల్‌లో నాలుగు సెల్లులు సిరీస్‌లో ఉంటాయి. దానిదీ 40 వాట్ అవర్లే గానీ, ఎంఏహెచ్‌లో చెబితే సుమారు 2,600. ఎంఏహెచ్ చూసి కొనేవాళ్లు డెక్‌లో అల్లైకి రెట్టింపు బ్యాటరీ ఉందనుకుంటారు. రెండింట్లోనూ ఉన్నది 40 వాట్ అవర్లే.

పవర్ బ్యాంకులోనూ ఇదే. కొందరు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొని, 20,000ని డెక్ 5,200తో భాగించి నాలుగుసార్లు నిండుతుందని ఆశపడ్డారు. ఆ 20,000 లోపలి సెల్లుల లెక్క, 3.7 వోల్టుల దగ్గరది. అంటే 74 వాట్ అవర్లు. వోల్టేజీ పెంచడంలో కొంత వేడిగా పోతుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని చదవండి, 5 వోల్టుల దగ్గర 12,000 చిల్లర ఉంటుంది. అది 60 వాట్ అవర్లు. హ్యాండ్‌హెల్డ్ లోపలికి ఎక్కేటప్పుడు ఇంకొంత పోతుంది. 40 వాట్ అవర్ల బ్యాటరీ ఒకసారి నిండి, పైన పావో, ఆ పైన కాస్తో. అంతే. ఏ బ్యాటరీ చూసినా వాట్ అవర్ల అంకె వెతకండి. లేకపోతే వోల్టులతో గుణించండి. ఎంఏహెచ్‌ని ఎంఏహెచ్‌తో పోల్చొద్దు. ఇంకోటి, పవర్ బ్యాంకు 18 వాట్లే ఇస్తూ యంత్రం 24 తింటుంటే, తగిలించి ఉన్నా చార్జు దిగుతూనే ఉంటుంది. పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ) 45 వాట్లు అని రాసి ఉన్నదే తీసుకోండి.

ఇక వెనక్కి జరిపిన ఫ్రేమ్ రేటు. సెకనుకు ఎక్కువ ఫ్రేములు కావాలంటే చిప్ వేగంగా నడవాలి. చిప్‌ని వేగంగా నడపాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. పని వల్ల అయ్యే ఖర్చు వేగంతోనూ, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. రెండూ 10 శాతం చొప్పున పెంచితే 1.1ని మూడుసార్లు గుణించాలి, 1.33. పది శాతం వేగానికి 33 శాతం ఖర్చు. వెనక్కి వస్తే, రెండూ 20 శాతం తగ్గించినప్పుడు 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.51. ఖర్చు దాదాపు సగం. ఆఖరి కొసరు వేగమే అన్నింటికంటే ఖరీదైనది.

అందుకే నేను సెకనుకు 60 ఫ్రేముల దగ్గర ఆడను, 40కి కట్టేస్తాను. 60లో ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 30లో 33.3. ఆ రెండింటికీ సరిగ్గా నడిమధ్య 25, అంటే సెకనుకు 40 ఫ్రేములు. 30లో కంటికి తగిలే ఈడ్పు 40లో చాలావరకు పోతుంది, ఖర్చు మాత్రం 60 కంటే బాగా తక్కువ. స్క్రీన్‌ని కూడా 40 హెర్ట్జ్‌కి (సెకనుకు 40 సార్లు బొమ్మ మార్చేలా) మార్చాలి, లేకపోతే కదలిక తడబడుతుంది. 90 హెర్ట్జ్ ఓలెడ్ డెక్ ఉన్నవాళ్లు 45 పెట్టుకోండి. 30 నాకు నచ్చదు, కానీ పొడుగు ప్రయాణాల్లో కథ ప్రధానమైన ఆటలకు సరిపోతుంది.

మన ఏప్రిల్, మే ఎండల గురించి ఒక్క మాట. వేడెక్కిన చిప్‌లో ఊరకే కారిపోయే కరెంటు పెరుగుతుంది, ఫ్యాన్ కూడా గట్టిగా తిరుగుతుంది. అంతకంటే ముఖ్యం, నిండా చార్జు చేసిన లిథియం బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదవుతుంది. బస్సు కిటికీ ఎండలో పెట్టి చార్జు చేయొద్దు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాది 80 శాతం దగ్గరే ఆగుతుంది.

సాధన. ఒక బరువైన ఆట, ఒక చిన్న ఆట తీసుకోండి. ప్రతి ఆటలో ఒకే సేవ్, ఒకే చోటు. 60, 40, 30 ఫ్రేముల దగ్గర, వెలుగు సగంలో ఒకసారి, పావులో ఒకసారి. ఒక్కో దాన్ని 10 నిమిషాలు నడపండి. మొదటి 3 నిమిషాల అంకెలు వదిలేయండి, మిగతా 7 నిమిషాల్లో నిమిషానికోసారి మొత్తం వాట్లు రాసి సగటు తీయండి. ఇదంతా మధ్యాహ్నం 2 గంటలకు ఒకరోజు, రాత్రి 9కి ఒకరోజు. మొత్తం 24 సార్లు, నాలుగు గంటల పని. వారంలో పంచుకుని చేయండి, తగ్గించొద్దు.

తర్వాత ఏదైనా బస్సెక్కేముందు, బ్యాటరీ ఏ ఊరి దగ్గర ఆరిపోతుందో కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. తేడా 10 నిమిషాల లోపు రావాలి. అంతకు మించితే ఈసారి భాగహారంలో పై అంకెను, అంటే బ్యాటరీ వాట్ అవర్లను అనుమానించండి. రెండేళ్లు వాడిన బ్యాటరీలో 40 ఉండకపోవచ్చు. డెక్‌లో డెస్క్‌టాప్ మోడ్‌కి వెళ్లి ఇన్ఫో సెంటర్‌లో ఎనర్జీ పేజీ తెరవండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. కొత్తలో ఎంత పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతోందో రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి. ఇప్పుడు పట్టే అంకెతో లెక్క మళ్లీ చేసి, ఆ కాగితమే నాకు పంపండి.