గిలెస్పీ కౌంటీని చదివే తీరు: జర్మన్ వలసదారులు స్థిరపడిన ఒక టెక్సస్ ప్రాంతపు చరిత్ర, భూగోళం

ఒక గ్రామీణ కౌంటీ (అమెరికాలో జిల్లా లాంటి పాలనా విభాగం) చరిత్రను తెలుసుకోదలచినవారు చాలావరకు ఊరిని స్థాపించినవారి పేర్లతోనూ, స్థాపించిన తేదీతోనూ మొదలుపెడతారు. ఆ దారిలో కథ తొందరగానే చేతికి అందుతుంది గానీ, వచ్చినవాళ్లు అక్కడే ఎందుకు ఆగారు, ఏ పంటలు వేశారు, వాళ్ల భాష తరాల తరబడి ఎలా నిలిచింది అనే ప్రశ్నలకు జవాబు దొరకదు. ఆ జవాబులను ముందుగా నేలలోనూ నీటిలోనూ వెతకాలి. అందువల్ల మొదట భూమిని, పిదప సరిహద్దులను, ఆపైన దస్తావేజులను, వాటితోపాటు దస్తావేజులలో చోటు దక్కని మనుషులను చదవాలని నా సూచన. ఈ పద్ధతిని టెక్సస్ రాష్ట్రంలోని గిలెస్పీ కౌంటీ ఆధారంగా వివరిస్తాను. ఆస్టిన్ నగరానికి పడమరన, శాన్ ఆంటోనియోకు వాయవ్యాన, కొండల నడుమ ఉన్న ఈ కౌంటీ వైశాల్యం సుమారు 1,061 చదరపు మైళ్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 26,725 మంది ఉన్నారు. పాలనా కేంద్రం ఫ్రెడరిక్స్‌బర్గ్.

నేల, నీరు

అమెరికా భూగర్భ సర్వే సంస్థ నేల ఎత్తుపల్లాలు చూపే తన పాత, కొత్త టోపోగ్రాఫిక్ పటాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. గిలెస్పీ కౌంటీకి చెందిన పటాలను దింపుకొని, ఊళ్ల పేర్లు చూడకముందే వాగులను, నదులను రంగు పెన్సిలుతో గుర్తించండి. పెడర్నాలెస్ నది కౌంటీని పడమటి నుంచి తూర్పుకు దాటి, ఆ తరువాత టెక్సస్‌లోని కొలరాడో నదిలో కలుస్తుంది. (రాకీ పర్వతాల నుంచి పారే కొలరాడో నది వేరు, పేరు ఒకటే కావడం వల్ల పాత ఉత్తరాలు చదివేటప్పుడు పొరబడే ప్రమాదం ఉంది.) ఫ్రెడరిక్స్‌బర్గ్ ఆ నదికి ఉత్తరాన, బారన్స్ క్రీక్, టౌన్ క్రీక్ అనే రెండు వాగుల దగ్గర ఉంది. స్టోన్‌వాల్ పెడర్నాలెస్ లోయలోనే ఉంది. లుకెన్‌బాక్ సౌత్ గ్రేప్ క్రీక్ ఒడ్డున ఉంది. వాగులన్నీ గుర్తించాక ఊళ్లను, పాత బడులను, చర్చిలను పటం మీద పెడితే, అవి ఎక్కడ ఎందుకు గుమికూడాయో వేరుగా వివరించవలసిన అవసరం ఉండదు.

తరువాత భూగర్భ పటాన్ని పక్కన పెట్టుకోండి. దక్షిణాన, పడమరన ఎడ్వర్డ్స్ పీఠభూమికి చెందిన సున్నపురాయి పరుచుకొని ఉంటుంది. ఉత్తర సరిహద్దుకు చేరేసరికి ల్యానో ఉద్ధృతి అని పిలిచే అతి ప్రాచీన శిలల ప్రాంతం మొదలవుతుంది. గిలెస్పీ, ల్యానో కౌంటీల సరిహద్దులో ఉన్న ఎన్‌చాంటెడ్ రాక్ అనే గులాబీ రంగు గ్రానైట్ గుట్ట చుట్టుపక్కల నేల కన్నా సుమారు 425 అడుగుల ఎత్తున లేస్తుంది. దాని రాయి వయస్సు దాదాపు 100 కోట్ల సంవత్సరాలు. సున్నపురాయి గుట్టల మీద మట్టి పొర పలచన కాబట్టి అక్కడ పశువులు, గొర్రెలు, మేకల మేపే సాగింది; పెడర్నాలెస్ లోయలో ఇసుక కలిసిన ఎర్రనేలలు ఉన్న చోట దున్నకం సాధ్యమైంది, తరువాతి కాలంలో పీచ్ తోటలు పెరిగాయి. మొదటి తరం ఇళ్లలో కలప చట్రాల నడుమ రాయి పేర్చిన గోడలు కనిపిస్తాయి. ఆ తరువాత పూర్తిగా సున్నపురాయితోనే కట్టిన ఇళ్లు వచ్చాయి. ఒక ఇంటి గోడను చూసి ఆ రాయి ఎటునుంచి వచ్చి ఉంటుందో ఊహించగలిగే స్థాయికి చేరిన తరువాతనే కాగితాల వైపు వెళ్లండి.

సరిహద్దులు ఎప్పుడు గీశారు

కౌంటీ అనేది ప్రకృతి గీసిన హద్దు కాదు, శాసనసభ గీసిన హద్దు. గిలెస్పీ కౌంటీ 1848లో బేహార్, ట్రావిస్ కౌంటీల నుంచి ఏర్పడింది. 1846లో మెక్సికోతో జరిగిన యుద్ధంలో, మాంటెరే పోరులో గాయపడి మరణించిన కెప్టెన్ రాబర్ట్ ఆడిసన్ గిలెస్పీ పేరు దానికి పెట్టారు. ఫ్రెడరిక్స్‌బర్గ్ అంతకు రెండేళ్ల ముందే పుట్టింది. అంటే ఊరి తొలి రెండు సంవత్సరాల న్యాయ, భూమి వ్యవహారాలను పాత కౌంటీల దస్త్రాలలో వెతకాలి. 1856లో ల్యానో, 1858లో బ్లాంకో కౌంటీలు ఏర్పడినప్పుడు గిలెస్పీ భూభాగంలో కొంత వాటికి పోయింది. కాబట్టి ఒకే ఇంట్లో, ఒకే పొలం మీద బతికిన కుటుంబం ఇల్లు కదలకుండానే రెండు మూడు కౌంటీల రికార్డులలో కనిపించవచ్చు. ప్రతి దశాబ్దానికి ఒక సరిహద్దుల పటం గీసుకొని దగ్గర ఉంచుకోవడం ఈ పనిలో తప్పనిసరి.

కాగితాలు

జర్మన్ వలస ఎలా జరిగిందో ముందుగా క్లుప్తంగా తెలిసి ఉండాలి. లేకపోతే భూమి పత్రాలు అర్థం కావు. 1842లో రైన్ నది ఒడ్డున బీబ్రిక్‌లో కొందరు జర్మన్ ప్రభువులు ఒక సంఘంగా ఏర్పడ్డారు; చరిత్రలో ఆ సంఘం ఆడెల్స్‌ఫెరైన్ అనే పేరుతో నిలిచింది. టెక్సస్‌లో దాని తొలి కమిషనర్ జనరల్, సోల్మ్స్-బ్రౌన్‌ఫెల్స్ రాకుమారుడు కార్ల్, 1845 మార్చిలో న్యూ బ్రౌన్‌ఫెల్స్ పట్టణాన్ని స్థాపించాడు. అతని తరువాత బాధ్యత తీసుకున్న జాన్ ఓ. మ్యూసెబాక్ మరింత లోపలికి, వాయవ్యంగా మరో స్థావరం ఎంచుకున్నాడు. అతడు పంపిన తొలి వలసదారుల బండ్లు న్యూ బ్రౌన్‌ఫెల్స్ నుంచి బయలుదేరి 1846 మే 8న ఫ్రెడరిక్స్‌బర్గ్ చేరాయి. ఇంతకీ సంఘం ఆశించిన భూమి ఇది కాదు. సంఘం హక్కు పొందిన ఫిషర్-మిల్లర్ గ్రాంటు (వలసదారులను స్థిరపరచడానికి ప్రభుత్వం కేటాయించిన భూమి) ల్యానో, కొలరాడో నదుల మధ్య 30 లక్షల ఎకరాలకు పైబడి ఉంది. అప్పటికి ఆ ప్రాంతం కమాంచీలు అనే అమెరికా ఆదివాసీ ప్రజల ఆధీనంలో ఉంది. ఆ గ్రాంటు దారిలో విడిదిగా ఉపయోగపడాలని మ్యూసెబాక్ పెడర్నాలెస్‌కు ఉత్తరాన అరువు మీద 10,000 ఎకరాలు కొన్నాడు. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఒక్కొక్క వలసదారుడికి పట్టణంలో ఒక స్థలం, దగ్గరలో 10 ఎకరాల పొలం దక్కాయి.

ఈ వివరం పరిశోధకుడికి చాలా ముఖ్యమైనది. ఎందుకంటే ఒక వలసదారుడి పేరు మీద గ్రాంటు ప్రాంతంలో వందలాది ఎకరాల పత్రం కనిపించవచ్చు, ఆ మనిషి మాత్రం జీవితమంతా ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గరి పది ఎకరాల మీదే గడిపి ఉండవచ్చు. చాలామంది ఆ హక్కులను ఇతరులకు అమ్ముకున్నారు. పత్రంలో పేరు ఉన్నంత మాత్రాన అక్కడ నివసించినట్టు రాసుకోకూడదు. పన్నుల జాబితాతోనూ, జనాభా లెక్కలతోనూ సరిచూసుకోవాలి.

టెక్సస్ 1836 నుంచి 1845 దాకా స్వతంత్ర గణరాజ్యంగా ఉండి, అమెరికాలో చేరేటప్పుడు తన ప్రభుత్వ భూములను తన దగ్గరే ఉంచుకుంది. అందువల్ల పశ్చిమ రాష్ట్రాలలో కనిపించే చదరపు గళ్ల సర్వే ఇక్కడ లేదు, సమాఖ్య ప్రభుత్వపు భూ దస్త్రాలలో ఈ భూములు దొరకవు. తొలి గ్రాంటుల ఫైళ్లు ఆస్టిన్‌లోని టెక్సస్ జనరల్ ల్యాండ్ ఆఫీసులో ఉంటాయి. ఆ తరువాతి క్రయవిక్రయాలు కౌంటీ క్లర్కు కార్యాలయంలో ఉంటాయి. కొలతలు స్పానిష్ కాలం నుంచి వచ్చిన వరాలలో ఉంటాయి. టెక్సస్‌లో ఒక వర అంటే 33⅓ అంగుళాలు. 1,000 వరాలంటే సుమారు 2,778 అడుగులు. ఒక చెట్టు దగ్గర మొదలై, వాగు వంపు దాకా, అక్కడి నుంచి రాళ్ల కుప్ప దాకా అంటూ సాగే ఈ హద్దుల వర్ణనలను ఓపికగా చదవండి. ఆనాటి చెట్ల జాతులు, వాగుల పాత పేర్లు, పొరుగు రైతుల పేర్లు మరే పుస్తకంలోనూ ఇంత నిక్కచ్చిగా దొరకవు.

జనాభా లెక్కలను వరుస తప్పకుండా చూడాలి. స్వతంత్రులైన ప్రతి ఒక్కరి పేరునూ, పుట్టిన చోటునూ నమోదు చేసిన మొదటి లెక్క 1850ది. 1880లో తల్లిదండ్రులు పుట్టిన చోటు, 1900లో దేశానికి వచ్చిన సంవత్సరం చేరాయి. 1921 నాటి అగ్నిప్రమాదం వల్ల 1890 లెక్కలు దాదాపు పూర్తిగా పోయాయి గనుక ఆ ఖాళీని పన్నుల జాబితాలతో, చర్చి పుస్తకాలతో పూడ్చుకోవాలి. వ్యక్తుల వివరాలు 72 ఏళ్ల తరువాత గానీ బయటపెట్టరు. ఇప్పుడు 1950 వరకు చూడవచ్చు. జర్మనీ ఒకే దేశంగా ఏకమైంది 1871లో కాబట్టి, అంతకు ముందు వచ్చినవారి జన్మస్థలంగా నసౌ, హానోవర్, హెస్సె, ప్రష్యా వంటి రాజ్యాల పేర్లు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. ఆ తేడాను అలాగే రాసుకోండి. ఐరోపాలో ఏ దస్త్రాలయాన్ని వెతకాలో చెప్పేది అదే.

చర్చి పుస్తకాలలోని రాత కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత, ముద్రణ ఫ్రాక్టూర్ అక్షరాలలో. కుర్రెంట్‌లో కొన్ని అక్షరాలు, ముఖ్యంగా ఎ, న ధ్వనులకు వాడేవి, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి గనుక ఇంటిపేర్లు తారుమారు కావడం సులభం. ముందు తెలిసిన పేర్లున్న పుటలతో కన్ను అలవాటు చేసుకొని, ఆ తరువాతే తెలియని పేర్లకు వెళ్లండి. 1877లో ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో మొదలైన జర్మన్ వారపత్రికలో వర్షాలు, పంటలు, పెళ్లిళ్లు, చావులు అన్నీ ఉన్నాయి. నా దృష్టిలో ఈ కౌంటీ రోజువారీ జీవితానికి అంతకు మించిన ఆధారం లేదు.

కాగితాలలో చోటు దక్కనివారు

స్థాపకుల వారసులు రాసిన చరిత్రలలో 1847 నాటి ఒప్పందానికి గౌరవస్థానం ఉంటుంది. ఆ ఏడాది మార్చిలో మ్యూసెబాక్ శాన్ సాబా నది దగ్గర కమాంచీ నాయకులను కలిశాడు, మే 9న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. నిజంగా అరుదైన సంఘటన అది. అయితే దానిని చదివేటప్పుడు ఆ నేల ఎవరిదన్న ప్రశ్నను పక్కన పెట్టకూడదు. కమాంచీలు వేటాడిన, నీళ్లు తాగిన చోట్లనే భూమిని కొలిచే సర్వే గొలుసులు నడిచాయి. ఒప్పందం జరిగిన తరువాతి దశాబ్దాలలో ఆ ప్రజలు ఎటు నెట్టబడ్డారో తెలిపే రికార్డులు కౌంటీ కార్యాలయంలో ఉండవు, సైన్యపు దస్త్రాలలోనూ సమాఖ్య దస్త్రాలలోనూ ఉంటాయి. 1848లో ఊరి శివారున ఏర్పడిన ఫోర్ట్ మార్టిన్ స్కాట్ అనే సైనిక స్థావరపు కాగితాల నుంచి ఆ వెతుకులాట మొదలుపెట్టవచ్చు.

బానిసత్వం గురించీ ఇదే జాగ్రత్త అవసరం. ఈ కౌంటీలో బానిసలుగా ఉన్నవారి సంఖ్య చాలా తక్కువ. అయినా అసలు లేరని రాయడం తప్పు. 1850, 1860 సంవత్సరాల ప్రత్యేక పట్టికలలో వారి పేర్లు లేకుండా వయస్సు, లింగం, రంగు వంటి వివరాలే యజమాని పేరు కింద కనిపిస్తాయి.

1861లో రాష్ట్రం అమెరికా నుంచి విడిపోవాలా అన్న ఓటింగులో గిలెస్పీ ఓటర్లలో సుమారు 96 శాతం మంది వద్దన్నారు. దాని ఫలితం ఘోరమైనది. 1862 ఆగస్టు 10న మెక్సికో వైపు వెళుతున్న జర్మన్ యూనియన్ పక్షపాతుల (అమెరికా సమాఖ్యలోనే ఉండాలన్నవారి) మీద కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణ రాష్ట్రాల) దళం నూయెసెస్ నది దగ్గర దాడి చేసింది. గాయపడి దొరికిన వారిని కూడా చంపారు. వారి స్మారకం 1866లో కంఫర్ట్ ఊళ్లో వెలిసింది. ఆ ఊరు ఇప్పుడు కెండాల్ కౌంటీలో ఉంది. దాడి జరిగిన చోటు, స్మారకం ఉన్న చోటు, చనిపోయినవారి ఇళ్లు మూడు వేరు వేరు దిక్కులలో ఉన్నాయి. కౌంటీ హద్దుల లోపలే వెతికేవారికి ఈ కథ ముక్కలుగానే దొరుకుతుంది.

భాష సంగతి కూడా భూగోళంతో ముడిపడి ఉంది. కొండల వల్ల రైలు 1913 దాకా ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు రాలేదు. సుమారు 920 అడుగుల సొరంగం తవ్వితే గానీ మార్గం పడలేదు. 1942లో ఆ మార్గం మూతపడింది. ఆ ఒంటరితనం జర్మన్ మాటను ఇళ్లలోనూ చర్చిలలోనూ చాలాకాలం కాపాడింది. 1918లో రాష్ట్ర చట్టం ప్రభుత్వ బడులలో ఆంగ్ల బోధనను తప్పనిసరి చేశాక బడి మాట మారింది. బడుల రికార్డులను చూసేటప్పుడు ఆ సంవత్సరానికి ముందు, తరువాత పుటలను పక్కపక్కన పెట్టి చూడండి.

స్వయంగా వెళ్లి చూడడం

ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ముందుగా సండే హౌసులను చూడాలి. దూరపు పొలాల రైతులు శనివారం సరుకులకు, ఆదివారం ప్రార్థనకు వచ్చినప్పుడు ఉండడానికి కట్టుకున్న చిన్న ఇళ్లివి; పొలానికీ చర్చికీ మధ్య ఉన్న దూరమే వాటిని పుట్టించింది. 1847లో కట్టిన ఎనిమిది మూలల ఫెరైన్స్ కిర్ఖె అనే చర్చి 1897లో కూల్చివేతకు గురైంది. ఇప్పుడు కనిపించేది 1930ల నాటి ప్రతిరూపం అని గుర్తుంచుకొని చూడండి. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా నౌకాదళ నాయకుడు అడ్మిరల్ చెస్టర్ నిమిట్జ్ 1885లో ఈ ఊళ్లోనే పుట్టాడు, తరువాత అమెరికా అధ్యక్షుడైన లిండన్ జాన్సన్ 1908లో స్టోన్‌వాల్ దగ్గర పుట్టాడు. వారి మ్యూజియాలు పెద్దవి కాబట్టి ఒక రోజంతా అక్కడే గడిచిపోవచ్చు. మొదటి పర్యటనలో ఆ సమయాన్ని గ్రామీణ బడి భవనాలకూ, సమాధుల తోటలకూ ఇవ్వడం మేలు.

టెక్సస్‌లో అత్యధిక భూమి ప్రైవేటు వ్యక్తులది. పొలాల మధ్య ఉన్న కుటుంబ సమాధులను చూడటానికి సహేతుకమైన దారి ఇవ్వాలని రాష్ట్ర చట్టం చెబుతోంది. అయినా యజమానికి ముందుగా తెలియజేసి, అనుకూలమైన సమయం అడిగి వెళ్లండి. గేటు ఎలా ఉంటే వచ్చేటప్పుడు అలాగే ఉంచండి. రాతి మీద అక్షరాలు చెరిగినట్టు ఉంటే సుద్ద రుద్దకండి, తీగ బ్రష్షు వాడకండి. పక్కనుంచి అద్దంతో వెలుగు పడేలా చేసి ఫోటో తీయండి. ప్రతి ఫోటో కింద సమాధుల తోట పేరు, వరుస, రాయి ముఖం ఏ దిక్కుకు ఉందో, తేదీతో సహా అక్కడే నిలబడి రాసుకోండి.