అష్టాచెమ్మా గేమ్ రాస్తున్నారా? గవ్వల్ని విడివిడిగా వేయండి

అష్టాచెమ్మా ప్రోగ్రామ్ చేసేటప్పుడు చాలామంది 1, 2, 3, 4, 8 అని ఒక లిస్ట్ పెట్టి, అందులోంచి రాండమ్‌గా ఒకటి తీస్తారు. కోడ్ నడుస్తుంది, ఆట మాత్రం చెడుతుంది. ఐదింటికీ సమాన అవకాశం వచ్చి, చెమ్మా (4) గానీ అష్టా (8) గానీ 40 శాతం సార్లు పడుతుంది. పడినప్పుడల్లా మళ్ళీ పందెం కాబట్టి ఒకరే వేస్తూ కూర్చుంటారు.

నాలుగు గవ్వలకీ నాలుగుసార్లు విడిగా రాండమ్ పిలవండి. పైథాన్‌లో అయితే 0కీ 1కీ మధ్య వచ్చే సంఖ్య 0.5 కంటే తక్కువైతే ఆ గవ్వ వెల్లకిలా పడినట్టు. వెల్లకిలా పడినవి లెక్కపెట్టండి. సున్నా వస్తే 8 ఇవ్వండి. ఈ సున్నా సంగతి మరిచిపోతే కాయ కదలక అక్కడే ఉంటుంది. ఇప్పుడు 16 పందేలకు సగటున 1 నాలుగుసార్లు, 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 4, 8 చెరోసారి పడతాయి.

ఆ 0.5ని కోడ్ మధ్యలో రాసేయకుండా ఒక వేరియబుల్‌లో ఉంచండి. అసలు గవ్వలు నాణేల్లా సరిసమానంగా పడవు. దాన్ని 0.4 చేస్తే అష్టా దాదాపు 13 శాతానికి పెరుగుతుంది, చెమ్మా 2.6కి పడిపోతుంది. ఆటకి రుచి ఇక్కడే, కాస్త మార్చి చూడండి.

పరీక్షకి 16,000 పందేలు వేయించండి. 0.5 దగ్గర 8 సుమారు వెయ్యిసార్లు రావాలి. వంద అటూఇటూ అయితే పర్వాలేదు, మూడువేలు దాటితే పాత లిస్ట్ ఎక్కడో మిగిలినట్టే. పరీక్ష కోసం సీడ్ (రాండమ్ సంఖ్యల వరసని ఖాయం చేసే మొదటి సంఖ్య) పెట్టి ఉంటే తీసేయండి, లేదంటే తెరిచిన ప్రతిసారీ అవే పందేలు అదే వరసలో పడతాయి.