ఏళ్ల తరబడి చెట్లను లెక్కపెడుతుంటే పేర్ల డేటా ఎలా పెట్టుకోవాలి?

కొండపల్లి అడవిలో చిన్న ముక్క ఎంచుకుని, అందులోని చెట్లను ఐదేళ్లకోసారి కొలవాలని మీరు అనుకున్నారు. మొదటిసారి ‘తుమ్మ’ అని రాసిన చెట్టుకే రెండోసారి ‘నల్ల తుమ్మ’ అని రాస్తే ఏమవుతుంది? ఎక్సెల్ లెక్కలో ఒక జాతి మాయమై, ఇంకోటి కొత్తగా పుట్టుకొస్తుంది. అడవిలో మాత్రం ఏమీ మారలేదు.

అందుకే ముందు చెట్టుకో నంబరు బిళ్ల కట్టండి. రిజర్వు ఫారెస్టులో దీనికైనా, కొమ్మ కోయడానికైనా అటవీ శాఖ అనుమతి కావాలి. చచ్చిపోయిన చెట్టు నంబరు ఇంకోదానికి ఇవ్వొద్దు.

తర్వాత ఫీల్డ్ పుస్తకం. ఊరివాళ్లు చెప్పిన పేరు చెప్పినట్టే రాసుకోండి, కానీ అక్కడే ఆగొద్దు. నల్ల తుమ్మ, తెల్ల తుమ్మ, పరాయి దేశం నుంచి వచ్చిన సర్కారు తుమ్మ, అన్నీ తుమ్మలే మరి! తెలియని వాటన్నిటికీ ‘తెలియదు’ అని ఒకే మాట పెట్టొద్దు. రకానికో తాత్కాలిక కోడ్ ఇచ్చి, ఆకు, బెరడు, కాయ ఫొటోలు తీయండి. పువ్వో కాయో ఉన్న కొమ్మను పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, వృక్షశాస్త్రం తెలిసినవాళ్లకు చూపించండి. వానాకాలంలో పేపర్లు రోజూ మార్చకపోతే బూజు పడుతుంది. ఎండాకాలం ఆకు రాలిన అడవిలో పేర్లు పట్టడం నిపుణులకే కష్టం. వానలు తగ్గాక వెళ్లండి, ప్రతిసారీ అదే కాలంలో.

అసలు పని కంప్యూటర్ దగ్గర. రెండు షీట్లు పెట్టండి. మొదటిదాంట్లో చెట్టు నంబరు, తేదీ, చుట్టుకొలత, ఆ రోజు రాసిన పేరు, ఎవరు గుర్తుపట్టారు, ఎంత నమ్మకంగా చెప్పారు అన్నవి ఉంటాయి. ఈ షీటులో పాత పేరును దిద్దొద్దు. రెండోదాంట్లో పాత పేరు, ఇప్పటి పేరు, ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాయండి.

ఆ ‘ఎందుకు’ అన్న గడిని చాలామంది వదిలేస్తారు. మార్పులు రెండు రకాలు. శాస్త్రవేత్తలే పేరు మార్చడం ఒకటి. 2005 వియన్నా వృక్షశాస్త్ర మహాసభ అకేసియా అన్న శాస్త్రీయ పేరును ఆస్ట్రేలియా చెట్లకు వదిలేయడంతో, అకేసియా నైలోటికాగా ఉన్న మన నల్ల తుమ్మ వాచెల్లియా నైలోటికా అయింది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కూడా అంతే, గివోటియా రోట్లెరిఫార్మిస్ పోయి గివోటియా మొలుక్కానా వచ్చింది. ఇలాంటివాటికి రెండో షీటులో ఒక్క వరుస చాలు, ఆ పేరున్న చెట్లన్నిటికీ వర్తిస్తుంది. మనం పొరపాటుగా గుర్తుపట్టడం రెండో రకం. అప్పుడు రెండో షీటులో ఆ చెట్టు నంబరు రాసి దానికే సవరణ వెయ్యాలి, జాతి మొత్తానికి కాదు.

‘తుమ్మ’ అని మాత్రమే రాసిన చెట్టు ఈలోగా చచ్చిపోతే? ఏ తుమ్మో ఊహించి నింపొద్దు. జాతుల మార్పు లెక్కవేసేటప్పుడు అన్ని ఏళ్లలోనూ తుమ్మలన్నిటినీ ఒకే గుంపుగా కలిపేయండి.