పెళ్లి ఫొటోగ్రాఫర్‌తో ఒప్పందం రాసుకోవడం ఎలా?

నెల్లూరులో గానీ, ఒంగోలులో గానీ, కందుకూరులో గానీ స్టూడియోకి పోతే ముందు చేతికిచ్చేది ప్యాకేజీల కార్డు. సిల్వర్, గోల్డ్, ప్లాటినం. బేరం ఆ పేర్ల మీదే జరుగుతుంది. అడ్వాన్సు ఫోన్‌పేలో వెళ్లిపోతుంది. "అంతా మనం చూసుకుంటాం గదన్నా" అన్న మాట విని లేచి వచ్చేస్తాం. కెమెరాలెన్నో, మనుషులెందరో, ఆల్బమ్ ఎప్పుడిస్తారో ఆ పేర్లలో ఎక్కడా ఉండదు. ఒకరి గోల్డ్ ఇంకొకరికి సిల్వర్. పెళ్లయిన ఆరు నెలలకు వచ్చే గొడవల్లో చాలావరకు మొదలయ్యేది ఇక్కడే.

నోటిమాటగా కుదుర్చుకున్నా అది ఒప్పందమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని కాదనదు, రుజువు చేసుకోవడమే కష్టం. కోర్టు సంగతి అలా ఉంచినా, రాయడానికి కూర్చున్నప్పుడే అడగాల్సిన ప్రశ్నలు బయటికొస్తాయి. రెండు పేజీలు చాలు. తెలుగులోనే రాసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లు కూడా చదువుకుంటారు.

1. సంతకం ఎవరిదో, మాట ఎవరిదో తేల్చండి

మన వైపు పెళ్లంటే చాలాసార్లు ఫొటోగ్రాఫర్లు రెండు జట్లు. ఆడపెళ్లివారు ఒకరిని పెట్టుకుంటారు, మగపెళ్లివారు ఇంకొకరిని. మండపం మీద చోటు మాత్రం ఒక్కటే. జీలకర్ర బెల్లం వేళకి ఇద్దరు వీడియోగ్రాఫర్లు అయ్యవారికి చెరోవైపు నిలబడి ఒకరి లైటు ఇంకొకరి ఫ్రేములో పడేస్తుంటే, ఎదురుగా కూర్చున్న చుట్టాలకు కనిపించేవి వాళ్ల వీపులే.

కాబట్టి మొదటి పేజీలోనే మూడు సంగతులు రాయండి. డబ్బు కట్టేది ఎవరు? అవతలి వైపు ఇంకో టీము ఉందా? ఉంటే తాళి కట్టేటప్పుడు ముందు వరసలో నిలబడేది ఎవరు? రెండు స్టూడియోలను పెళ్లికి వారం ముందే ఫోనులో కలిపితే ఈ మూడోది సులువుగా తేలిపోతుంది. ఇద్దరికీ కలిపి ఒకే స్టూడియో అయితే ఖర్చు ఎవరి వాటా ఎంతో, ఆల్బమ్‌లు రెండా ఒకటా అన్నది కూడా అక్కడే రాయాలి.

తర్వాత, పెళ్లి రోజు ఫొటోగ్రాఫర్ ఎవరి మాట వినాలో చెప్పండి. మేనమామ ఒకటి చెప్పి, బావగారు ఇంకొకటి చెప్పి, పెద్దమ్మ గ్రూపు ఫొటో కావాలని చెయ్యి పట్టి లాగితే ఆ కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు? వైపుకు ఒకరి చొప్పున రెండు పేర్లు, రెండు ఫోను నంబర్లు రాయండి. వాళ్లు అందరి ముఖాలూ ఎరిగినవాళ్లయి ఉండాలి. తప్పనిసరిగా ఫొటోలో ఉండాల్సిన వాళ్ల జాబితా తయారు చేసే పని కూడా వాళ్లదే. నడవలేని తాతయ్య, సెలవు దొరికి ఒక్క రోజుకే వచ్చిన అన్నయ్య లాంటి వాళ్ల పేర్లు ఆ జాబితాలో మొదట ఉండాలి.

2. తేదీ రాసేటప్పుడు రాత్రి ముహూర్తంతో జాగ్రత్త

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. శుభలేఖలో "శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం" అని ఉంటుంది. మనకు అలవాటే కాబట్టి ఇబ్బంది లేదు. స్టూడియో ఫోను క్యాలెండరులో మాత్రం అర్ధరాత్రి దాటగానే తేదీ మారిపోతుంది. 14వ తేదీ రాత్రి 2 గంటల 40 నిమిషాల ముహూర్తమంటే నిజానికి 15వ తేదీ. 15 సాయంత్రానికి ఇంకో రిసెప్షన్ ఒప్పుకున్న టీము అప్పటికి రాత్రంతా మేలుకుని ఉంటుంది. తేదీ తప్పుగా పడితే అసలు రాకపోయినా ఆశ్చర్యం లేదు.

ఇలా రాయండి: "14వ తేదీ శుక్రవారం రాత్రి, అంటే 15వ తేదీ శనివారం తెల్లవారుజామున 2.40కి సుముహూర్తం. టీము 14వ తేదీ సాయంత్రం 5 గంటలకు మండపానికి చేరాలి. అప్పగింతలు అయ్యేదాకా ఉండాలి."

సుముహూర్తమంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణమని కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు గుర్తు చేయాల్సి వస్తుంది. కొందరు తాళి కట్టడమే ముహూర్తమనుకుని, తెర దించే వేళకి బ్యాటరీ మార్చుకుంటూ ఉంటారు.

మిగతా కార్యక్రమాలు కూడా ఒక్కొక్కటిగా, చోటు, వేళలతో రాయాలి. పెళ్లికూతుర్ని చేయడం, పెళ్లికొడుకుని చేయడం, హల్దీ, ఎదురుకోలు, సత్యనారాయణ వ్రతం, రిసెప్షన్. పెళ్లికొడుకు ఊరు పొదిలి, పెళ్లికూతురు ఊరు కావలి అయితే "చేయడం" రెండు ఊళ్లలోనూ ఒకే పొద్దున జరగొచ్చు. దానికి రెండు టీములు కావాలి. ఒప్పుకున్న గంటలు దాటితే గంటకు ఎంతో ముందే అడిగి రాయించండి. ముహూర్తం తెల్లవారుజామునైతే అప్పగింతలు ఏ వేళకవుతాయో ఎవరూ చెప్పలేరు.

3. వచ్చే మనుషులెవరు?

మంచి ముహూర్తం ఉన్న రోజున పెళ్లిళ్లన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. మూఢం ముందు, మూఢం వెళ్లగానే వచ్చే వారాల్లో మరీను. ఒక స్టూడియో ఆ రోజు మూడు నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకుని, సగం పని బయటివాళ్లకు ఇస్తుంది. అందులో తప్పేమీ లేదు, అది వాళ్ల బతుకుతెరువు. అయితే మనం ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి మెచ్చుకున్న ఫొటోలు తీసిన మనిషి వస్తున్నాడా లేదా అన్నది తెలుసుకునే హక్కు మనకుంది. కాండిడ్ (పోజు పెట్టించకుండా సహజంగా) తీసేవారు ఒకరు, ట్రెడిషనల్ (నిలబెట్టి తీసే మామూలు పద్ధతి) ఒకరు, వీడియో ఇద్దరు అని లెక్క రాసి, ముఖ్యమైన వ్యక్తి పేరు కూడా వేయించండి. ఆ మనిషికి జ్వరమొస్తే ఎవరిని పంపుతారో, మనకు నచ్చకపోతే ఎంత తగ్గిస్తారో కూడా ఒక వాక్యం ఉండాలి.

4. చేతికి వచ్చేవి లెక్కతో రాయండి

ఆల్బమ్ అంటే సరిపోదు. సైజు (12 × 36 అంగుళాలు అన్నట్టు), షీట్లు ఎన్ని, చిరగని కాగితమా కాదా, ఎన్ని కాపీలు, అదనపు షీటుకు ఎంత అన్నవి కావాలి. బిల్లు పెరిగేది ఈ అదనపు షీట్ల దగ్గరే. ఫొటోలు ఎంచుకోవడానికి కూర్చున్నాక ఏ అత్త ఫొటో వదిలేస్తాం?

వీడియో విషయంలో పూర్తి నిడివి వీడియో, హైలైట్స్ ఎన్ని నిమిషాలు, టీజర్ ఉందా, రీల్స్ ఎన్ని అని రాయండి. హైలైట్స్‌కి సినిమా పాట వేయమని మనమే అడుగుతాం. దాన్ని యూట్యూబ్‌లో పెట్టాక శబ్దం ఆగిపోయినా, వీడియోనే తొలగించినా స్టూడియోని అనలేం. లైసెన్సు ఉన్న సంగీతంతో ఇంకో కాపీ ఇమ్మని ముందే అడగడం మంచిది.

గడువు రెండు వైపులా ఉండాలి. ఆల్బమ్ ఆలస్యమైందని తిట్టుకునే ఇళ్లలో చాలా చోట్ల పెన్‌డ్రైవ్ మూడు నెలలుగా బీరువాలోనే ఉంటుంది. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తుంటే ఇద్దరూ కూర్చుని ఫొటోలు ఎంచుకునేది ఎప్పుడు? "ఫొటోలు పెళ్లయిన 20 రోజుల్లో ఇవ్వాలి. ఎంపిక 30 రోజుల్లో తిరిగి రావాలి. డిజైన్‌కి రెండుసార్లు మార్పులు. ఆమోదించిన 45 రోజుల్లో ఆల్బమ్" అన్నట్టు రాస్తే ఆలస్యం ఎవరిదో వాదించే పని ఉండదు. రోజుల లెక్క మీ వీలుని బట్టి మార్చుకోండి.

ఎడిట్ చేయని ఫైళ్లన్నీ కావాలంటే ఆ మాట విడిగా రాయాలి. కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు, కొందరు హార్డ్‌డిస్క్ మనల్నే తెమ్మంటారు. బ్యాకప్ గురించి రెండు ప్రశ్నలు తప్పక వేయండి. ఒకేసారి రెండు చిప్పుల్లో రికార్డయ్యే కెమెరానా? ఫైళ్లు వాళ్ల దగ్గర ఎన్ని నెలలుంటాయి? ఏడాది తర్వాత "సిస్టమ్ కరప్ట్ అయింది" అన్న జవాబు వినాల్సి రాకుండా, ఆ గడువు లోపలే మీ కాపీ మీరు తీసుకోండి.

5. డబ్బు విడతలుగా

బుకింగ్ అప్పుడు కొంత, పెళ్లి రోజు కొంత, ఫొటోలు చేతికొచ్చాక కొంత, ఆల్బమ్ ఇచ్చాక మిగతాది. చివరి విడత కనీసం ఐదో వంతైనా ఉంచుకోవాలని నా సలహా. పెళ్లి రోజుకే మొత్తం కట్టేస్తే ఆల్బమ్ పని వరసలో వెనక్కి పోతుంది. అలాగని ఆ రోజు ఇవ్వాల్సింది ఎగ్గొట్టొద్దు. బయటి నుంచి తెచ్చుకున్న కెమెరామెన్‌కి, డ్రోన్ అబ్బాయికి స్టూడియో అదే రోజు కట్టాలి.

జీఎస్టీ నమోదు ఉన్న స్టూడియో అయితే 18 శాతం పన్ను పడుతుంది. చెప్పిన ధరలో అది కలిసి ఉందా, పైన వేస్తారా అని అడగండి. నగదు ఇచ్చినా రసీదు తీసుకోండి.

6. ముహూర్తం మారితే, తుపాను వస్తే

దగ్గరి చుట్టాల్లో ఎవరైనా పోయి మైల వస్తే పెళ్లి ఆగుతుంది. మధ్యలో మూఢం వస్తే మూడు నెలలు వాయిదా పడొచ్చు. ఇది ఎవరి తప్పూ కాదు. ఇలాంటప్పుడు అడ్వాన్సు కొత్త తేదీకి మారుతుందని, ఆ రోజు స్టూడియోకి ఖాళీ లేకపోతే ఎంత వెనక్కి ఇస్తారో రాసుకోండి. మనంతట మనం మానుకుంటే వేరే లెక్క. నెల ముందు చెబితే ఎంత, వారం ముందు చెబితే ఎంత అని మెట్లు పెట్టుకోవచ్చు. "అడ్వాన్సు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు" అని రసీదు వెనక అచ్చువేసిన వాక్యం ఉంటే, సంతకం పెట్టేముందే కొట్టేసి మార్చమని అడగండి.

స్టూడియో వాళ్లే మానుకుంటే? అడ్వాన్సు మొత్తం, దాంతోపాటు పరిహారంగా ఒక మొత్తం రాయించుకోవాలి. ఆ అంకె సబబుగా ఉండాలి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమే. దానికి లోబడి న్యాయమనిపించినంత కోర్టు ఇప్పిస్తుంది. కోటి రూపాయలని రాసినా కోటి రాదు.

కార్తీక, మార్గశిర మాసాల్లో పెళ్లి పెట్టుకునేవాళ్లు వాన గురించి ఒక పేరా రాయక తప్పదు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. నెల్లూరు నుంచి కావలి వైపు పోవడానికి దారి లేకపోయింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున టీము రాలేకపోతే తప్పుపట్టలేం. చేయడం అసాధ్యమైన ఒప్పందం కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం చెల్లకుండా పోతుంది, అందుకున్న డబ్బు 65వ సెక్షన్ ప్రకారం తిరిగి ఇవ్వాలి. కాగితంలో మాత్రం ఇంకో ఏర్పాటు కూడా చేసుకోండి. ఏటికి మీ ఊరి వైపే ఉన్న ఇంకో ఫొటోగ్రాఫర్‌ని పంపే పూచీ స్టూడియోదని రాస్తే డబ్బుతో పాటు ఫొటోలూ దక్కుతాయి.

7. ఫొటోలు ఎవరివి?

ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లీషు నమూనా ఒప్పందాలను దించుకుంటే ఇక్కడ మోసపోతాం. చాలా దేశాల్లో కాపీరైటు తీసినవాడిదే. మన దగ్గర 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ వేరుగా చెబుతుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వీడియోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవారే, వేరే ఒప్పందం లేకుంటే. చివరి మూడు మాటలే కీలకం. "హక్కులన్నీ స్టూడియోవి" అన్న కాగితం మీద సంతకం పెట్టారంటే ఆ హక్కు మీ చేతులారా ఇచ్చేసినట్టే.

ఇంకో మెలిక ఉంది. తీయించుకున్నది పెళ్లికూతురి నాన్న అయితే చట్టం లెక్కన హక్కు ఆయనది. అందుకని వధూవరులిద్దరికీ పూర్తి హక్కు ఉంటుందని రాయడం మేలు.

ఫొటోగ్రాఫర్‌కి తన పని చూపించుకోవాలని ఉంటుంది, లేకపోతే తర్వాతి పెళ్లి ఎలా వస్తుంది? ఏవి పెట్టొచ్చో, ఎప్పుడు పెట్టొచ్చో చెప్పండి. ఉదాహరణకు: "మేము చూసి ఒప్పుకున్న 15 ఫొటోలు, ఒక రీలు. మంగళస్నానం ఫొటోలు, పిల్లల ఫొటోలు పెట్టకూడదు. హోర్డింగులకు, ప్రకటనలకు వాడాలంటే విడిగా అడగాలి." మీరు పెట్టే ఫొటోలకు వాళ్ల పేరు వేయండి. హక్కు మీదైనా, తీసింది తానని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఫొటోగ్రాఫర్‌కి ఉంటుంది.

8. చిల్లర విషయాలు, చిల్లరగా కనిపించేవి

భోజనం. చివరి బంతి దాకా ఆకలితో నిలబడ్డ కుర్రాడు అప్పగింతలు బాగా తీయాలంటే ఎలా? రెండో బంతిలో టీముకి ఆకులు వేయిస్తామని రాయండి. రాత్రి ముహూర్తమైతే నడుం వాల్చడానికి ఒక గది కూడా. పల్లెటూరి పెళ్లిలో లైట్లకు జనరేటర్ ఎవరిది, పెట్రోలు ఖర్చు ఎవరిది అన్నవీ ఇందులోనే.

డ్రోన్ ఉంటే, 250 గ్రాములు దాటినదాన్ని ఇలా డబ్బులకు ఎగరేయడానికి 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. ఆ చోట ఎగరేయొచ్చో లేదో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూడాలి. శ్రీహరికోట వైపైతే మరీ జాగ్రత్త. అనుమతుల బాధ్యత స్టూడియోదని రాయండి.

గుడిలో పెళ్లయితే కెమెరాలకు, లైట్లకు దేవస్థానం ఆఫీసులో అడిగే పని ఎవరిదో తేల్చుకోండి. మాలకొండ గుడి తలుపులు తెరిచేది శనివారమే, ఫొటోలు అక్కడ కావాలంటే రోజు దాన్ని బట్టి కుదుర్చుకోవాలి. మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నం బీచ్‌లోనో ప్రీవెడ్డింగ్ షూట్ ఉంటే, వానొస్తే ఇంకో రోజు ఉచితమా కాదా అన్నది ఒక్క వాక్యం.

9. సంతకాలు, ఆ తర్వాత

ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, చెరో కాపీ. తెల్లకాగితం మీద రాసినా ఒప్పందం చెల్లుతుంది గానీ, స్టాంపు కాగితం మీద ఉంటే రేపు కోర్టులో చూపించాల్సి వచ్చినప్పుడు జరిమానా కట్టే బెడద ఉండదు. తర్వాత మారిన ప్రతి సంగతినీ వాట్సాప్‌లో రాసి, అవతలివారి చేత "సరే" అనిపించుకోండి. ఫోనులో మాట్లాడుకున్నది ఎవరికీ గుర్తుండదు.

పేచీ వస్తే ముందు గడువుతో ఒక నోటీసు పంపండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్, నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి ఉన్నాయి. మీరుండే చోటే ఫిర్యాదు వేయొచ్చు, స్టూడియో ఏ ఊరిదైనా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్లు. ఫొటోగ్రాఫర్‌కి రావాల్సిన డబ్బు ఆగిపోతే మాత్రం ఈ దారి లేదు, సివిల్ కోర్టుకు పోవాలి, మూడేళ్ల లోపు. దానికి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కి దరఖాస్తు పెడితే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. దానికి ఖర్చు లేదు.