ఇంట్లో ట్యూనా మెల్ట్ శాండ్‌విచ్ తయారుచేసే విధానం

ట్యూనా చేప మిశ్రమాన్నీ చీజ్‌నూ బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టి, చీజ్ కరిగేలా కాల్చే శాండ్‌విచ్చే ట్యూనా మెల్ట్. ఇది బాగా కుదరాలంటే అన్నిటికంటే ముందు చేపలోని తడి పోవాలి. సుమారు 140 గ్రాముల డబ్బా ట్యూనాను జల్లెడలో వేసి, చెంచా వెనుక భాగంతో గట్టిగా నొక్కి నీటిని పూర్తిగా వార్చాలి. ఇక్కడ తొందరపడితే బ్రెడ్డు లోపలినుంచి నానిపోయి, ఎంత కాల్చినా కరకరలాడదు.

ఆ ట్యూనాలో 2 పెద్ద చెంచాల మయోనైజ్, సన్నగా తరిగిన ఉల్లిపాయ, సెలెరీ (కరకరలాడే ఆకుకూర కాడలు), కొద్దిగా నిమ్మరసం, మిరియాల పొడి కలపాలి. డబ్బా చేపలో సాధారణంగా ఉప్పు ఉంటుంది కనుక రుచి చూశాకే ఉప్పు వేయడం మంచిది. ఈ మిశ్రమం 2 శాండ్‌విచ్‌లకు సరిపోతుంది.

చీజ్‌ను మిశ్రమానికి పైనా కిందా రెండు వైపులా పరచాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే కరిగిన చీజే బ్రెడ్డునూ చేపనూ అంటిపెట్టుకొని ఉంచుతుంది. ఇందుకు తేలికగా కరిగే చెడ్డార్ చక్కగా నప్పుతుంది. బ్రెడ్డు బయటి వైపులకు వెన్న రాసి, సన్నని సెగ మీద పెనంపై ఒక్కో వైపు 3 నుంచి 4 నిమిషాలు, బంగారు రంగు వచ్చేవరకు కాల్చాలి. చీజ్ కరగకముందే బ్రెడ్డు మాడుతున్నట్లు కనిపిస్తే సెగ తగ్గించి, కాసేపు మూత పెట్టాలి. దించిన తరువాత ఒక నిమిషం ఆగి కోస్తే చీజ్ బయటకు కారిపోదు.